కుక్కకి ఇల్లు చూడ్డమంటే సంబంధం చూడ్డమే

కుక్కపిల్లని ఇస్తామంటే పుచ్చుకునేవాళ్లు వీధికి పదిమంది ఉంటారు. అవి కళ్లు తెరవకముందే "ఆ తెల్లది మాకు, ఆ మచ్చలది మా తమ్ముడికి" అని పంపకాలు కూడా అయిపోతాయి. అదే మూడేళ్లో నాలుగేళ్లో వయసున్న కుక్క, రోడ్డు మీంచి తెచ్చి బాగుచేసిన కుక్క ఒకటుంది, దానికో ఇల్లు కావాలని అడిగి చూడండి. "అయ్యో పాపం" అంటారు. ఆ తర్వాత మాట మార్చేస్తారు.

మనుషుల్లో జాలి లేకపోబట్టే ఇలాంటి కుక్కలకి ఇల్లు దొరకడం లేదని చాలామంది అనుకుంటారు. నేనలా అనుకోను. జాలి మన దగ్గర కావలసినంత ఉంది. జాలిపడి తీసుకెళ్లి నెల తిరక్కుండానే ఊరి చివర వదిలేసి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఎదిగిన కుక్కకి ఇల్లు చూసేటప్పుడు కావలసింది జాలి కాదు. దాని గురించి ఉన్నదున్నట్టు చెప్పడం, ఇచ్చే ఇంటిని మన కళ్లతో చూడ్డం, అవసరమైతే "మీకివ్వలేమండీ" అనగలగడం. పిల్లకో పిల్లాడికో సంబంధం చూసేటప్పుడు పెద్దవాళ్లు చేసే పనే ఇది. పోలిక బాగాలేదని కోప్పడకండి. మనిషికైతే నచ్చకపోతే నోరు విప్పి చెప్పుకునే వీలుంది. కుక్కకి అదీ లేదు. అందుకే ఇంకాస్త ఎక్కువ జాగ్రత్త పడాలంటున్నాను.

చుక్కి సంగతి చెబితే నా ఉద్దేశం మీకు తేలిగ్గా అర్థమవుతుంది. నుదుటి మీద రూపాయి బిళ్లంత తెల్లమచ్చ ఉందని మా అమ్మాయి దానికా పేరు పెట్టింది. రాజమండ్రిలో మేముండే వీధిలోనే పుట్టి పెరిగిన గోధుమరంగు ఆడకుక్క. కిందటేడు వేసవిలో ఆటో గుద్ది వెనక కాలు నుజ్జయిపోయింది. పశువుల డాక్టరుగారు చూసి కాలు దక్కదని చెప్పి తీసేశారు. గాయం మానాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారు, రేబిస్ టీకా వేశారు. ఆపరేషన్ అయినట్టు గుర్తుగా చెవి కొస కొంచెం కత్తిరించారు. వీధిలో అలా చెవి కొస లేని కుక్క కనిపిస్తే దానికి ఆపరేషన్ అయిందని మీరూ గుర్తుపట్టొచ్చు.

మామూలుగా అయితే బాగైన వీధికుక్కని దాని వీధిలోనే వదిలేయాలి. 2001లో వచ్చిన నియమాల్లోనూ, వాటి స్థానంలో 2023 మార్చిలో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల్లోనూ ఉన్నది ఇదే: ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. అందులో అర్థముంది. తన వీధిలో కుక్కకి మనుషులు తెలుసు, తిండి దొరికే చోటు తెలుసు. దాన్ని తీసేస్తే ఆ జాగాలోకి ఆపరేషన్ కాని కొత్త కుక్కలు వస్తాయి. కానీ మూడు కాళ్ల కుక్క ఆటోలకి అడ్డం తప్పుకోలేదు, మీదపడే కుక్కల నుంచి పారిపోలేదు. చుక్కి ఆస్పత్రిలో ఉండగానే పక్క సందు కుక్కలు దాని అరుగుని ఆక్రమించుకున్నాయి. ఇల్లు చూడక తప్పదు.

"అంత ప్రేముంటే మీరే పెంచుకోవచ్చుగా?" అని మీరు అడగబోతున్నారు. అందరూ అడిగారు. మా అత్తగారికి ఉబ్బసం. మేముండేది అద్దె వాటా. ఇంటిగలావిడ పెరటి వరండాలో పెట్టుకోమని రెండు నెలలు గడువిచ్చారు. అదే ఆవిడ మంచితనం. ఆ రెండు నెలల్లో నేను విన్న మాటలూ, చూసిన ఇళ్లూ ఈ నాలుగు ముక్కలు రాయించాయి.

పెద్ద కుక్క మాట వింటుందా?

మొదటి ప్రశ్న ఇదే. "చిన్నప్పట్నించీ పెంచితేనే మన మాట వింటుందండీ, ఎదిగాక ఎక్కడ మాలిమవుతుంది?" అంటారు. నిజానికి పిల్లని తెచ్చుకోవడంలోనే తెలియనివి ఎక్కువ. ఎంత ఎత్తు పెరుగుతుందో తెలీదు, ఎలాంటి బుద్ధొస్తుందో తెలీదు. ఇంట్లో ఎక్కడపడితే అక్కడ తడుపుతుంది. చెప్పులూ, సోఫా కోళ్లూ, పిల్లల పుస్తకాలూ కొరుకుతుంది. పార్వో లాంటి జబ్బు పట్టుకుంటే నాలుగు రోజుల్లో చేతుల్లోనే ప్రాణం పోవచ్చు. ఎదిగిన కుక్క దగ్గర ఈ గొడవలు చాలావరకు ఉండవు. దాని ఎత్తెంతో, అరుపెంతో, పిల్లలంటే ఇష్టమో భయమో అన్నీ ముందే కనిపిస్తాయి. చుక్కి మా వరండాని ఒక్కసారి కూడా పాడుచేయలేదు. గేటు తీసేదాకా ఓర్చుకునేది. మాలిమి అంటారా, రోజూ వేళకి తిండిపెట్టే చెయ్యి ఏ వయసు కుక్కకైనా తెలుస్తుంది.

రెండోది, "ఊరకుక్కా?" అని. ఆ మాట అనేటప్పుడు చాలామంది ముఖం కొంచెం చిట్లిస్తారు. మంచుదేశాల్లో బండి లాగడానికి పుట్టిన హస్కీని తెచ్చి, మన మే నెల ఎండల్లో ఏసీ గదిలో కట్టేయడం గొప్ప! మన నేలకీ, మన ఎండకీ, మన అన్నానికీ అలవాటుపడ్డ కుక్క నామోషీ! మన కొల్లేరు వైపు బాతుల్ని కాయడానికి వాడిన జోనంగి కుక్కల గురించి మనలో ఎంతమందికి తెలుసు? ఊరకుక్కకి పొట్టి వెంట్రుకలు, అంతగా మందులడగని ఒళ్లు. గోమార్లు పట్టకుండా చూసుకుని, టీకాలు వేయిస్తే చాలావరకు ఆరోగ్యంగానే ఉంటుంది.

మూడోది, "ఆడదా? వద్దులెండి." ఇక్కడ నాకు నిజంగానే కోపం వచ్చేది. మనుషుల్లో పోయిందనుకుంటున్న మాట కుక్కల దగ్గర ఇంకా గట్టిగానే ఉంది. ఏడాదికి రెండుసార్లు ఎదకొస్తుందనీ, రెండు నెలలు తిరిగేసరికి పిల్లల్ని పెడుతుందనీ భయం. ఆపరేషన్ అయిన కుక్కకి ఆ బాధే లేదు కదా అంటే, "అయినా ఆడదే కదండీ" అన్న మహానుభావులున్నారు. పిల్లలప్పుడే ఆడవాటిని గోనెసంచిలో వేసి ఊరిబయట వదిలేసేది ఈ మాట చెప్పే.

కన్నీళ్లు పెట్టించే ప్రకటన వద్దు

నేను అప్పుడప్పుడు కథలు రాస్తుంటానని మా వీధిలో అందరికీ తెలుసు. "మీరు రాస్తే చదివినవాళ్లు ఏడవాలండీ" అని పక్కింటి వదినగారు ప్రకటన పని నాకే అప్పజెప్పారు. కట్టు ఉన్నప్పటి ఫోటో పెట్టమన్నారు. 'ఈ మూగజీవిని కాపాడేవారే లేరా?' అని మొదలుపెట్టమన్నారు.

నేను రాసింది ఇది: "మూడేళ్ల ఆడకుక్క. వెనక ఎడమకాలు లేదు, మూడు కాళ్లతో బాగానే నడుస్తుంది, మెట్లెక్కలేదు. ఆపరేషన్, టీకాలు అయ్యాయి. ఇల్లు పాడుచేయదు. పదేళ్లు దాటిన పిల్లలతో బాగుంటుంది, మరీ చిన్నపిల్లలు మీదపడితే గుర్రుమంటుంది. పిల్లులంటే పడదు. ఆటో చప్పుడుకి బెదురుతుంది. చేతిలో కర్ర చూస్తే మంచం కింద దూరుతుంది. పెరుగన్నం, గుడ్డు ఇష్టం." కింద ఫోన్ నంబరు. ఫోటో కూడా మా అమ్మాయి పక్కన కూర్చుని ఉన్నది పెట్టాను.

"ఇన్ని లోపాలు రాస్తే ఎవరొస్తారు?" అన్నారు మా వారు. తక్కువమందే వచ్చారు. రావలసింది అంతమందే. కాలు లేదని ఇంటికొచ్చి తెలుసుకుని వెనక్కి వెళ్లేవాడు, ఆ సంగతి ప్రకటనలోనే చూసి రాకుండా ఉంటే ఇద్దరికీ మంచిది. ఏడిపించే ప్రకటన చూసి వచ్చేవాళ్లు ఆ రాత్రికి కుక్కని తీసుకెళతారు. ఆ కుక్క బతకబోయేది ఇంకో పదేళ్లు. అన్నాళ్లు ఏ కన్నీళ్లు నిలుస్తాయి?

ఇల్లాలిని అడిగారా?

మొదట వచ్చినాయన ఊరిబయట గోడౌనుకి కాపలా కుక్క కావాలన్నారు. పగలంతా గొలుసు, రాత్రి వదిలేస్తారట. మూడు కాళ్ల కుక్క దొంగలని తరుముతుందా అని నేనడిగితే, "అరిస్తే చాలండీ" అన్నారు. ఇవ్వలేదు.

రెండో ఇంటికి మేమే వెళ్లి చూశాం. సొంతిల్లు, ప్రహరీ, గట్టి గేటు. ఆయనకి కుక్కలంటే ప్రాణం. పిల్లలిద్దరూ అప్పుడే చుక్కికి గిన్నె కూడా కొనేశారు. ఆవిడ మాత్రం మంచినీళ్లిచ్చి వంటింటి గుమ్మం దగ్గర నిలబడిపోయింది. "మీరేమంటారమ్మా?" అంటే "ఏముందండీ, ఆయనిష్టం" అంది. నేను గ్లాసు ఇచ్చే వంకన లోపలికెళ్లి మళ్లీ అడిగాను. అప్పుడు చెప్పింది. "అయిదింటికి లేచి మూడు క్యారేజీలు కడతాను. మామగారికి పథ్యం వేరే. వీళ్లు వెళ్లాక ఇంట్లో ఉండేది నేనే. దాన్ని బయటికి తిప్పేది నేనే, కక్కితే ఎత్తేది నేనే. వద్దంటే రాతిగుండె అంటారు."

ఆ ఇంటికి చుక్కినివ్వలేదు. ఆయనకి కోపమొచ్చింది. పిల్లలు ఏడ్చారు. అయినా నాది తొందరపాటు అనుకోను. కుక్కని తెచ్చేది మగవాళ్లూ పిల్లలూ, పెంచేది ఇల్లాలు. ఇది మన ఇళ్లలో ఎన్నాళ్లనుంచో జరుగుతున్నదే. రోజుకి రెండుపూటలా తిండి, రెండుపూటలా బయటికి తిప్పడం, మూడు నెలలకోసారి నులిపురుగుల మందు, ఏడాదికోసారి టీకా, రాలిన వెంట్రుకలు ఊడవడం, పండక్కి పుట్టింటికి వెళ్లాలంటే దీన్నెవరికి అప్పజెప్పాలా అని దిగులు. ఇవన్నీ ఎవరు చేస్తారో పేర్లతో సహా తేలాకే ఆ ఇంటికి కుక్క వెళ్లాలి. ఇల్లాలు ఇష్టంగా ఒప్పుకోని ఇంట్లో కుక్క సుఖపడదు, ఇల్లాలూ సుఖపడదు. ఆవిడ వద్దంటే అది రాతిగుండె కాదు. తన ఒంట్లో ఎంత ఓపికుందో ఆవిడకే తెలుసు.

తొమ్మిదో రోజు వెనక్కి

మూడో ఇంట్లో అందరూ ఇష్టపడ్డారు, ఇల్లాలితో సహా. మొదటి మూడు రోజులూ తినకపోవచ్చు, దాక్కోవచ్చు. ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు పట్టొచ్చు. కుక్కలకి ఇళ్లు చూసేవాళ్లు చెప్పే లెక్క ఇది. అదంతా వివరంగా చెప్పాను. "మా పిల్లలు రెండు రోజుల్లో మచ్చిక చేసేసుకుంటారు" అన్నారు. "మీకు కుదరకపోతే మాకే తెచ్చివ్వండి, ఎక్కడా వదలొద్దు" అని కాగితం మీద రాయించుకుని పంపాను.

తొమ్మిదో రోజు ఆటోలో తెచ్చి దింపారు. "పిలిస్తే రావట్లేదండీ, తోకైనా ఊపదు" అని వాళ్ల ఫిర్యాదు. వాళ్లని నేను తిట్టుకోలేదు. మాట మీద నిలబడి తెచ్చిచ్చారు. కానీ చుక్కి రెండు రోజులు అన్నం ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. గడువు చూస్తే మూడు వారాలే మిగిలింది. "ఆ గోడౌనాయనకి ఇచ్చేయరాదూ, తిండైనా దొరుకుతుంది" అన్నారు ఇంటిగలావిడ. మా వారూ అదే మాట అన్నారు. నిజం చెప్పొద్దూ, ఆ రెండు రాత్రులూ నాకూ నిద్రపట్టలేదు. అయినా ఇవ్వలేదు.

చివరికి ధవళేశ్వరం నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. నర్సుగా చేసి రిటైరయ్యారు, చెల్లెలితో కలిసి ఉంటున్నారు. నేను అడగాల్సిన ప్రశ్నలన్నీ ఆవిడే నన్నడిగారు. రాత్రి ఎక్కడ పడుకుంటుంది? తెగిన కాలు దగ్గర ఇప్పటికీ నొప్పి ఉందా? ఉరుములకి భయపడుతుందా? "నేను ఊరెళితే నాలుగు రోజులు మీరు చూస్తారా?" అని కూడా అడిగారు. అంత ముందుచూపుతో అడిగినావిడని చూశాక నాకు ధైర్యం వచ్చింది. చుక్కి వెళ్లిన వారానికి ఫోన్ చేసి, "ఇవాళ మంచం కింద నుంచి గుమ్మం దాకా వచ్చిందమ్మా" అన్నారు. ఆ 'గుమ్మం దాకా' చాలని ఆవిడకి తెలుసు. ఇవాళ్టికీ చుక్కి అక్కడే ఉంది.

భయపడేవాళ్ల మాటా వినాలి

కుక్కల్ని ప్రేమించేవాళ్లు ఒక సంగతి మరిచిపోకూడదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ణి వీధికుక్కలు చంపేశాయి. ఆ తల్లి ముందు నిలబడి జీవకారుణ్యం గురించి మాట్లాడే ధైర్యం నాకైతే లేదు. బడికెళ్లే పిల్లల తల్లులు కుక్కలంటే భయపడితే అది తప్పు కాదు. కుక్క కరిస్తే వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పావుగంట సేపు కడిగి ఆస్పత్రికి పరుగెత్తాలి. పసుపూ కారం అద్దుతూ కూర్చోకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం.

2019 పశుగణనలో దేశంలో వీధికుక్కలు కోటీ యాభై మూడు లక్షలని తేలింది. అన్నిటికీ ఇళ్లు చూడ్డం ఎవరి తరమూ కాదు. వాటి సంఖ్య తగ్గాలంటే ఊరూరా ఆపరేషన్లు, టీకాలు ఆగకుండా జరగాలి. అది మున్సిపాలిటీలు చేయాల్సిన పని, మనం వెంటపడి చేయించాల్సిన పని. మనలాంటివాళ్లు చేయగలిగింది వీధిలో ఇక బతకలేని ఒకటో రెండో కుక్కలకి చోటు చూపించడం.

సుప్రీంకోర్టు కూడా 2025 ఆగస్టు 22న ఢిల్లీ వీధికుక్కల కేసులో ఇచ్చిన ఉత్తర్వులో, ఇష్టమున్నవాళ్లు దరఖాస్తు పెట్టుకుని వీధికుక్కల్ని పెంచుకోవచ్చని చెబుతూ ఒక షరతు పెట్టింది. అలా తీసుకెళ్లిన కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వాళ్లదే. నా దృష్టిలో అసలు మాట ఇదే. తన వీధి వదిలి ఒక ఇంటికెళ్లి, అక్కణ్నించి కొత్త వీధిలో పడ్డ కుక్కకి అన్నం పెట్టే చెయ్యి ఉండదు, నిలవడానికి జాగా ఉండదు. అది బెదిరి కరిస్తే ఆ నేరం దానిదేనా?

స్వర్గద్వారం దగ్గర కుక్కని వదలనన్న ధర్మరాజు కథ మనందరికీ తెలుసు. ఆయన దాన్ని చూసి కన్నీళ్లు పెట్టుకోలేదు. నమ్మి వెంట వచ్చినదాన్ని వదలనన్నాడు, అంతే. ఇల్లు చూసేవాళ్లకి కావలసిన గుణం అదేనని నాకనిపిస్తుంది.

ఇల్లు చూసేవాళ్లకి నాలుగు మాటలు

ముందు డాక్టరుకి చూపించి, ఆపరేషన్, టీకాలు పూర్తిచేయించండి. ఆ కార్డు కుక్కతో పాటు ఇవ్వాలి. కనీసం రెండు వారాలు మీ దగ్గర ఉంచుకుని దాని బుద్ధులు గమనించి రాసుకోండి. పిల్లలు, పిల్లులు, ఇతర కుక్కలు, బళ్ల చప్పుడు, ఒంటరితనం, ఒక్కోదానికి ఎలా ఉంటుందో చూడండి. అడిగినవాళ్ల ఇంటికి తప్పకుండా వెళ్లండి. ఇంట్లో అందరూ ఉన్న వేళ చూసుకుని వెళ్లండి. అద్దె ఇల్లయితే ఇంటివాళ్ల మాట కూడా వినండి. హైదరాబాద్ లాంటి చోట్ల పెంపుడు కుక్కని మున్సిపాలిటీలో నమోదు చేయించాలి, ఆ సంగతి ముందే చెప్పండి. కుదరకపోతే మీకే తిరిగివ్వాలని రాయించుకోండి. ఇచ్చాక మొదటి మూడు నెలలు ఫోన్ చేస్తూ ఉండండి. విసుక్కున్నా సరే, చేయండి.

ఇక ఇంటికి కుక్కని తెచ్చుకోవాలనుకునేవాళ్లకి నాదొక మనవి. వేలు పోసి పిల్లని కొనేముందు ఒక్కసారి మీ ఊళ్లో జంతువుల్ని కాపాడేవాళ్ల దగ్గరికెళ్లి ఎదిగిన కుక్కల్ని చూడండి. హైదరాబాద్‌లో 1992లో మొదలైన బ్లూక్రాస్ లాంటి పేరున్న సంస్థలున్నాయి. చిన్న ఊళ్లలో పశువుల ఆస్పత్రిలో అడిగినా చెబుతారు. ఒకటికి రెండుసార్లు వెళ్లి, దాని పక్కన కాసేపు కూర్చుని రండి. ఇంటికొచ్చాక మీ ఇంట్లో వంటచేసే మనిషిని అడగండి. ఆవిడ "ఆలోచిద్దాం" అంటే ఆగండి. "సరే, ఉదయం తిప్పడం మీది, సాయంత్రం పిల్లలది, అన్నం నాది" అని ఆవిడే పనులు పంచితే, అప్పుడు వెళ్లి ఆ కుక్కని తెచ్చుకోండి.